పాశ్చాత్య పండితులంటే ఎవరమ్మా?

అమ్మాయీ,

ప్రాచీన చైనాలో షాంగ్ రాజుల కాలపు కంచు పాత్రల మీద నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేజీలో "షాంగ్ కంచు పాత్రల మీది తావోతియే అనే జంతు ముఖం దురాశకు చిహ్నమని పాశ్చాత్య పండితులు భావిస్తారు" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఏ పండితులు? వాళ్ళలో వాళ్ళకే పడదు కదా!

కళాచరిత్రకారుడు మాక్స్ లోర్ 1953లో కేవలం నగిషీ చూసి, షాంగ్ రాజధాని ఆన్యాంగ్ కాలపు పాత్రల్ని ఐదు శైలులుగా వరస పెట్టాడు, తర్వాత తవ్వకాల్లో బయటపడ్డవి ఆ వరసనే బలపరిచాయి. ముఖం గీతల్లోంచే పుట్టింది, దానికి మతార్థం అంటగట్టొద్దు అన్నాడాయన. ప్రాచీన చైనా మీద పనిచేసిన పండితురాలు సారా అలన్ ఒప్పుకోలేదు. తెరిచిన ఆ నోరు చావు దాటి అవతలి లోకానికి పోయే దారి అంటుంది. ఇక పురావస్తు శాస్త్రవేత్త కె.సి. ఛాంగ్ పుట్టింది బీజింగ్‌లో, పాఠాలు చెప్పింది హార్వర్డ్‌లో, ఆయన్ని ఏ గాటన కడతావు? దురాశ సంగతి అంటావా, ఆ ముఖానికి తిండిపోతు అని అర్థమొచ్చే తావోతియే అన్న పేరు కనిపించేది క్రీ.పూ. 3వ శతాబ్దపు పుస్తకంలో. అప్పటికి షాంగ్ రాజ్యం పోయి ఎనిమిది వందల ఏళ్ళు.

చూడకుండా అర్థం రాయొద్దమ్మా. నా మొదటి వ్యాసానికి లైబ్రరీలో ఈ ముఖానిదే మసక ఫొటో ఒకటి దొరికితే, జిరాక్స్‌కి డబ్బుల్లేక పెన్సిల్‌తో గీసుకున్నాను. పదోసారో పన్నెండోసారో సగం గీసి ఆపితే, కాగితం మీద పక్కకి తిరిగిన ఒంటికాలి జంతువు నిలబడి ఉంది! రెండో సగం గీస్తే మళ్ళీ ఎదురుగా ముఖం. చెయ్యి వణికింది. అదే రాసి పంపితే ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి 'రాక్షస ముఖ రహస్యం' అని హెడ్డింగ్ పెట్టి వేశాడు. ఇరవై ఏళ్ళయినా ఆ కోపం పోలేదు. ఇప్పటికీ వీళ్ళకి కావలసింది "ఇంతకీ దానర్థం ఏంటి" అన్న ఒక్క లైనే.

పారిస్ సెర్నుస్కీ మ్యూజియంలోని పాత్రని "మనిషిని మింగుతున్న పులి" అని తేల్చేశావు. మళ్ళీ చూడు. నోరు తెరిచే ఉంది, మనిషి తల దాని కిందే ఉంది, కానీ అతను చంటిపిల్లాడు తల్లిని కరుచుకున్నట్టు పులిని పట్టుకుని ఉన్నాడు, పాదాలు దాని వెనక కాళ్ళ మీద ఆనించి. ముఖంలో భయం లేదు. షామన్‌ని, అంటే ఆత్మలతో మాట్లాడే పూజారిని, పై లోకాలకి చేర్చే తోడు ఆ జంతువు అని ఛాంగ్ అన్నది ఇలాంటివి చూసే.

ఏ పత్రికకి పంపాలో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పేరా తిరగరాసి పంపు. చేతులెక్కడ, పాదాలెక్కడ, కళ్ళెటు చూస్తున్నాయి, అవి రాశాకే ఛాంగ్ పేరెత్తు.