పాప గుండె ఆపరేషన్ వాయిదా పడుతూనే ఉంటే కోర్టు ఏం చేయగలదు?

ప్రశ్న: మా పాపకు తొమ్మిది నెలలు. గుండె గదుల మధ్య పెద్ద రంధ్రం ఉందని, ఆపరేషన్ తప్పదని ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పి పేరు రాసుకున్నారు. రెండుసార్లు రమ్మన్నారు, రెండుసార్లూ ఐసీయూలో బెడ్ లేదని తిప్పి పంపారు. ఇప్పుడు అడిగితే "ఫోన్ చేస్తాం" అంటున్నారు. కోర్టుకు వెళ్తే డేట్ వస్తుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, వెయిటింగ్ లిస్టు ఉండటమే తప్పని కోర్టు అనదు. థియేటర్ ఖాళీగా ఉన్నా, ఆపరేషన్ తర్వాత బిడ్డను పెట్టడానికి వెంటిలేటర్ ఉన్న బెడ్డు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు లేకపోతే సర్జన్ ముందుకు వెళ్లలేరు. ప్రధాన రక్తనాళాలు తారుమారై పుట్టిన పసిగుడ్డు వస్తే ఆ ఆపరేషన్ వెంటనే చేయాలి. అప్పుడు మిగతా పిల్లల డేట్లు వెనక్కి జరుగుతాయి. వాళ్లకంటే ముందు మీ పాపకు చేయమని పిటిషన్ వేస్తే నిలవదు, వేయమని నేనూ చెప్పను. మీరు అడగాల్సింది ఇది: ఇక్కడ చోటు లేకపోతే, చోటున్న ఆసుపత్రికి ప్రభుత్వ ఖర్చుతో పంపండి.

అలా అడిగే హక్కుకు గట్టి ఆధారం ఉంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒకాయనను వరసగా ప్రభుత్వ ఆసుపత్రులన్నీ బెడ్ లేదనో, సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేరాడు. 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని తేల్చి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకు చెల్లదంది. ఎక్కడ బెడ్ ఉందో తెలుసుకుని రోగిని అక్కడికి పంపే ఏర్పాటు ఉండాలని కూడా చెప్పింది. అయితే అది అత్యవసర కేసు. అందుకే మీ పాప ఫైల్లో డాక్టరు ఏం రాశారన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ముందు కాగితం సంపాదించండి. పెద్ద రంధ్రాన్ని మరీ ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగి, ఒక దశ దాటాక రంధ్రం మూసే వీలే ఉండదు. పాప విషయంలో ఆ ప్రమాదం ఎంత, ఎప్పటిలోగా ఆపరేషన్ జరగాలి అన్నది కార్డియాలజిస్టును అడిగి ఓపీ చీటీ మీద రాయించుకోండి. నోటిమాటగా "తొందరగా చేయించాలి" అంటే కోర్టులో విలువ లేదు. ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, మిగతా రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది.

తర్వాత సూపరింటెండెంటుకు ఒక పేజీ అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. తిప్పి పంపిన రెండు తేదీలూ అందులో ఉండాలి. అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 7వ సెక్షన్ ప్రకారం 48 గంటల్లో ఇవ్వాలి. ఆ మాట పైనే రాసి, ఎకో రిపోర్టు జతచేయండి. పాప పేరు ఏ తేదీన ఎక్కింది, ఏ కేటగిరీలో ఉంది, పిల్లల ఐసీయూలో పనిచేస్తున్న బెడ్లెన్ని, వేరే ఆసుపత్రికి ఎందుకు పంపలేదు అని అడగండి. మిగతా పిల్లల పేర్లు మాత్రం అడగవద్దు, ఇవ్వరు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులూ ఉన్నాయి. జిల్లా కేంద్రంలోని దాని విభాగంలో వేరేచోటికి రిఫరల్ అడగండి. చాలాసార్లు కోర్టు దాకా వెళ్లకుండానే ఇక్కడ దారి దొరుకుతుంది.

ఇవేవీ కదలకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ (ప్రభుత్వాన్ని ఆదేశించమని కోరే పిటిషన్) వేయవచ్చు. పాప మైనరు కనుక ఆమె తరఫున మీరే వేయాలి. డాక్టరు రాసిన గడువు దగ్గర పడితే లంచ్ మోషన్ అడగమని లాయరుకు చెప్పండి, అనుమతిస్తే అదే రోజు విచారణకు వస్తుంది. లాయరు ఫీజు గురించి భయపడకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి.

ఇదంతా నడుస్తుండగా పాప పాలు తాగలేక ఆయాసపడుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఏ జవాబు కోసమూ ఆగకండి. నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అది ఎమర్జెన్సీ, అక్కడ లిస్టు వర్తించదు.