ఎముక విరిగితే వీడియో కాల్ సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా అమ్మకి 62 ఏళ్ళు, పెరట్లో నాచు మీద కాలు జారి చెయ్యి ఆనించి పడింది, కుడి మణికట్టు విరిగింది. విశాఖ తీసుకెళ్తే లాగి సరిచేసి సిమెంట్ కట్టు వేశారు. మాది పాడేరు దగ్గర పల్లె, ఒకసారి వెళ్ళి రావాలంటే ఘాట్ రోడ్డు, అమ్మకి వాంతులు, రోజంతా పోతుంది. వారం తర్వాత వీడియోలో చూపిస్తే చాలు అన్నారు అక్కడి అసిస్టెంట్. మా మావయ్యేమో ఈ కట్టు తీయించేసి పుత్తూరు కట్టు వేయిద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: ముందు మావయ్యగారి సంగతి తేల్చేద్దాం, కట్టు తీయించొద్దమ్మా. పుత్తూరు కట్టు మీద జనానికి ఎంత నమ్మకమో నాకు తెలుసు, దాని గురించి వాదన పెట్టుకోను, కానీ లాగి సరిచేసిన ఎముక మీద కట్టు మధ్యలో విప్పితే అది మళ్ళీ పక్కకి జరిగిపోవచ్చు, మళ్ళీ మొదటికొస్తాం.

ఇక వీడియో. వీడియో కాల్‌లో నాకు కనిపించేది వేళ్ళు, వాపు, కట్టు అంచులు, మనిషి మొహం. ఎముక కనపడదు కదా. ఈ వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఎముక గుల్లబారి ఉంటుంది, దానికి తోడు వారానికి వాపు తగ్గి కట్టు వదులవుతుంది, అందుకే మణికట్టు ఎముక జారేది ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, అదీ పెద్ద నొప్పి లేకుండానే జారొచ్చు. అప్పుడే తెలిస్తే మళ్ళీ లాగొచ్చు, లేదా వైర్లు గానీ ప్లేటు గానీ వేయొచ్చు. ఆరు వారాలకి కట్టు విప్పినప్పుడు తెలిస్తే వంకరగా అతుక్కుపోయి ఉంటుంది, ఇక కోసి సరిచేయడమే. కాబట్టి మొదటి వారం నిండాక ఒకటి, రెండో వారం నిండాక ఒకటి ఎక్స్‌రే ఉండాల్సిందే. అది విశాఖలోనే తీయించక్కర్లేదు, మీకు దగ్గర్లో మిషన్ ఎక్కడుంటే అక్కడ కట్టు మీదే తీయించి డాక్టరుకి పంపండి, చూశాక వీడియోలో మాట్లాడండి, అలా అయితే ఘాట్ దిగే పని లేదు. జరిగింది అంటే మాత్రం దిగాలి.

పంపడంలోనే సగం గొడవ. ట్యూబ్‌లైట్ కింద ఫిల్మ్ పట్టుకుని ఫ్లాష్ వేసి తీస్తారు, నాకు కనిపించేది ఫ్లాష్ మెరుపు, తీసినాయన బొటనవేలు. పగలు కిటికీకి ఆనించి, ఫ్లాష్ ఆపి, ఎదురుగా తీసినదీ పక్క నుంచి తీసినదీ రెండూ పంపండి. పక్క వ్యూ లేకపోతే వెనక్కి వంగిందో లేదో చెప్పలేం. పేరు, తేదీ, కుడో ఎడమో ఫొటోలో పడాలి. సెంటర్ వాళ్ళు ఫైల్ ఇస్తే వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే క్లారిటీ పోతుంది.

వీడియో కాల్‌లో అమ్మగారి చేత పిడికిలి పూర్తిగా మూయించి తెరిపించండి, బొటనవేలుతో మిగతా నాలుగు వేళ్ళూ ముట్టించండి, చెయ్యి తలపైకి ఎత్తించండి. కట్టు ఉంది కదా అని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎముక అతుక్కున్నా భుజం, వేళ్ళు బిగుసుకుపోతాయి, తర్వాత ఆ తిప్పలే ఎక్కువ.

మాత్ర వేసినా నొప్పి పెరిగిపోతోందా, మీరు ఆమె వేళ్ళు మెల్లగా చాపితే ప్రాణం పోయినట్టు అరుస్తోందా, వేళ్ళు తిమ్మిరి, చల్లబడటం, రంగు మారటం ఉందా, అప్పుడు వీడియో కాదు ఫోన్ కూడా వద్దు, అర్ధరాత్రైనా దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికి వెళ్ళి కట్టుని లోపలి దూదితో సహా చర్మం కనపడేదాకా చీల్పించాలి. లేటైతే లోపల కండ చచ్చిపోయి వేళ్ళు వంకర్లు పోతాయి, ఎవరు కట్టిన కట్టైనా ఇదే.

ఇంకో మాట, కట్టు విప్పాక డెక్సా స్కాన్ (ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే పరీక్ష) సంగతి అడగండి. నిలబడ్డ చోట జారితేనే మణికట్టు విరిగిందంటే ఎముక బలం చూసుకోవాలి, తర్వాత తుంటి విరగకుండా.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాం. మా బాబు (7) పార్కులో పడ్డాడు, ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర బకిల్ ఫ్రాక్చర్ అని ఉత్త బ్యాండేజ్ చుట్టి పంపేశారు, తర్వాత ఫోన్ చేసి మళ్ళీ రావక్కర్లేదన్నారు. గుంటూరులో మా అమ్మ విని "పిల్లాడి చెయ్యి విరిగితే కట్టెయ్యరా" అని ఏడుస్తోంది.
— ఒక తల్లి

జవాబు: అమ్మమ్మగారికి చెప్పండి, బాబుది రెండుగా విరగలేదు, లేత ఎముక నొక్కుకుపోయి ఒక పక్క చిన్న సొట్ట పడింది అంతే. ఇది పక్కకి జరగదు. మూడు వారాల్లో నొప్పి తగ్గి అన్నీ సర్దుకుంటాయి. దీని మీద మీ దేశంలోనే 965 మంది పిల్లలతో స్టడీ చేశారు, 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, గట్టి స్ప్లింట్ వేసినా మెత్తటి బ్యాండేజ్ ఇచ్చినా మూడో రోజుకి నొప్పి ఒకేలా ఉంది, తర్వాత కోలుకోవడమూ అంతే.

మీకు ఫోన్ చేసిన పద్ధతిని వర్చువల్ ఫ్రాక్చర్ క్లినిక్ అంటారు, 2011లో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో మొదలైంది. పేషెంట్ లేకుండానే సీనియర్ డాక్టర్ ఎక్స్‌రే, నోట్స్ చూసి ఎవర్ని పిలవాలి, ఎవరికి సలహా చాలు అని తేలుస్తారు. అంటే మిమ్మల్ని పట్టించుకోలేదని కాదు, పెద్దాయన చూసే చెప్పారు. అయితే ఇది బకిల్‌కే. మోచేయి విరిగినా, ఎముక చివర ఎదిగే భాగానికి (గ్రోత్ ప్లేట్) దెబ్బ తగిలినా, పిల్లల్లో ఆ లెక్క వేరు. మూడు వారాలైనా బాబు ఆ చెయ్యి వాడకపోతే కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేయండి, మొహమాటం వద్దు.

ప్రశ్న: మా నాన్నకి తొడ ఎముకకి రాడ్ వేశారు. డిశ్చార్జ్ అయ్యాక ఫోన్‌లో అడిగితే ఆస్పత్రిలో ఇచ్చిన ట్రమడాల్ అనే నొప్పి మందు రాయనన్నారు. ఫీజు తీసుకుని ఇదేం పద్ధతి?
— పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆయన తప్పు లేదండీ. మన దేశంలో ఫోన్, వీడియో వైద్యానికి పెట్టిన 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) కిందకొచ్చే మందులు ఫోన్‌లోగానీ వీడియోలోగానీ రాయకూడదు, ట్రమడాల్ 2018 నుంచి ఆ జాబితాలో ఉంది. నేరుగా చూపించుకున్న అదే డాక్టర్ దగ్గర, అదే సమస్యకి, 6 నెలల్లోపు అయితే ఫాలో-అప్ కింద లెక్క, పాత మందులు చాలావరకు కొనసాగించొచ్చు, ఇది మాత్రం కుదరదు. వేరే మాత్ర అడగండి. నొప్పి ముందుకన్నా పెరుగుతుంటే, కుట్ల దగ్గర చీము, జ్వరం ఉంటే, పిక్క ఉబ్బి నొప్పెడుతుంటే మాత్రల గురించి ఫోన్‌లో బేరాలు వద్దు, తీసుకెళ్ళి చూపించండి. పిక్క వాపుతో పాటు ఆయాసం కూడా వస్తే 108కి ఫోన్ చేయండి.