ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

నమ్మొచ్చు. ఫొటోల దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఈ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే అలాంటి తప్పు ఫొటో ఒకటి పెట్టిన ఘనుణ్ణి నేనే.

సీతాకోకచిలుకల ఫొటోలు తీయడం నాకు పిచ్చి. కెమెరా కొన్న కొత్తలో ఒకటి చిక్కింది. నారింజ రంగు రెక్కలు, కొసల్లో నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. ఇంకేముంది, ప్లెయిన్ టైగర్ అనుకున్నాను. వెలుతురు, ఫోకస్ అన్నీ కుదిరాయి. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ప్లెయిన్ టైగర్ వ్యాసంలో అప్పటిదాకా ఉన్న మసక ఫొటో తీసేసి నాది పెట్టాను (ఏ సైటో చెప్పను, అందరూ దిద్దేదే). ఎవరూ అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఒకాయన మెచ్చుకుంటూ సందేశం కూడా పెట్టాడు.

మూడేళ్ల తర్వాత ఓ రాత్రి పాత ఫొటోలు సర్దుకుంటుంటే గుండె జారింది. వెనక రెక్క మీద ఒక్కటే నల్లచుక్క! ప్లెయిన్ టైగర్‌కి మూడో నాలుగో ఉండాలి. నేను తీసింది డానాయిడ్ ఎగ్‌ఫ్లై, ఆడది. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగులు జిల్లేడులాంటి పాలు కారే మొక్కల్ని తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, అందుకే పక్షులు దాని జోలికి పోవు. ఎగ్‌ఫ్లై ఆడదానికి విషం లేదు, వేషం ఉంది. పిట్టల కోసం వేసిన వేషానికి నేను పడిపోయాను.

తమాషా ఏమిటంటే, నా ఫొటో పక్కనున్న వ్యాసంలో చుక్కల లెక్క సరిగ్గానే ఉంది. మూడేళ్లుగా చదివినవాళ్లలో ఒక్కరూ లెక్కపెట్టి చూడలేదు. ఈలోగా ఆ ఫొటో ఇంకో నాలుగు భాషల వ్యాసాల్లోకి పాకింది, పిల్లల పోస్టరొకదానిలో అచ్చయింది కూడా. పోస్టర్ మీద నా పేరు వేయలేదు. ముందు కోపమొచ్చింది, తర్వాత బతికిపోయాననుకున్నాను.

సరే, తీసేద్దామని వెళ్తే పది నిమిషాల్లో ఎవరో మళ్లీ పెట్టేశారు. మంచి ఫొటోని కారణం లేకుండా తొలగించానట. తీసింది నేనే మహాప్రభో అన్నాను. మీ మాట ఆధారం కాదు, పుస్తకం చూపించండి అన్నారు. రూలు మంచిదేనని ఇప్పుడు ఒప్పుకుంటాను గానీ, పెట్టేటప్పుడు అడగని పుస్తకం తీసేటప్పుడు అడగడమేమిటి? చర్చ పేజీలో వారం రోజులు వాదించి, పుస్తకం పేజీ నంబరు చూపిస్తే గానీ దిగిరాలేదు.

ఇంత జరిగినా, "ఎవడు పడితే వాడు రాస్తాడు, అంతా చెత్త" అనేవాళ్లతో నాకు పడదు. బూతులూ వెక్కిరింతలూ చాలావరకు నిమిషాల్లో పోతాయి, వికీపీడియాలో అందుకు బాట్లనే (వాటంతట అవే పనిచేసే ప్రోగ్రాములు) కాపలా పెట్టారు. 2005లో నేచర్ పత్రిక 42 సైన్సు వ్యాసాలు నిపుణులకిచ్చి చూపిస్తే, వికీపీడియాలో వ్యాసానికి సుమారు 4 తప్పులు, పేరున్న విజ్ఞాన సర్వస్వం బ్రిటానికాలో 3 తేలాయి. బ్రిటానికావాళ్లు ఆ లెక్క ఒప్పుకోలేదు, అది వేరే గొడవ. అసలు బతికి బట్టకట్టేది పద్ధతిగా కనిపించే తప్పు. చైనీస్ వికీపీడియాలో ఒకామె మధ్యయుగపు రష్యా చరిత్రను కల్పించి 200కు పైగా వ్యాసాలు రాసింది, కింద ఆధారాలు కూడా పేర్చి మరీ. 2022లో గానీ గుట్టు బయటపడలేదు.

"వికీలో ఉంది" అని వాదన ముగించేవాళ్లని రోజూ చూస్తాను. వ్యాసం పైన చర్చ, చరిత్ర అని ఉంటాయి కదా, వాటిని నొక్కి చూసినవాళ్లు నాకు ఇద్దరే తగిలారు. చర్చ పేజీ ఖాళీగా ఉన్న వ్యాసాన్ని నేను ఓ పట్టాన నమ్మను. బాగా కొట్టుకున్న వ్యాసమే శుభ్రంగా ఉంటుంది. ఇది నా లెక్క, ఎవరూ పరిశోధించి తేల్చింది కాదు.

ఆ ప్లెయిన్ టైగర్ పేజీలో ఇప్పుడు వేరేవాళ్ల ఫొటో ఉంది. చుక్కలు లెక్కపెట్టాను, నాలుగు. కొంచెం మసగ్గానే ఉంది.