విశాఖలో ఇంట్లో నక్షత్ర తాబేలును పెంచుకోవచ్చా?

పెంచుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. చిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా విచ్చుకొనే ఈ జీవి గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది, పెట్టేదీ కొద్ది గుడ్లే. అడవి నుంచి ఒక్క ఆడ తాబేలును తెచ్చినా ఆ లోటు తొందరగా పూడదు.

అక్వేరియం దుకాణాల్లో కనిపించే, కంటి వెనుక ఎర్రచార ఉన్న పచ్చని బుల్లి తాబేలు వేరు. అది అమెరికా నీటి తాబేలు. అన్నం పళ్లెమంత పెరిగి, బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. బడికెళ్లే పిల్లవాడికి కొనిస్తే, వాడికి పెళ్లయ్యాక కూడా తొట్టిలో నీళ్లు మారుస్తూనే ఉండాలి.

పెంచలేనప్పుడు దాన్ని మేఘాద్రిగెడ్డ జలాశయంలో వదిలితే పుణ్యమని చాలామంది నమ్ముతారు. నిజానికి అది మన తాబేళ్ల తిండినీ, ఎండ కాచుకొనే చోటునూ లాక్కుంటుంది.