కడుపు ముందా, కుంచె ముందా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నా వయసులో సగం ఉన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ అయిపోయింది, 24 ఏళ్ళు, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం వచ్చింది, నాన్నగారు చేరిపొమ్మంటున్నారు. స్నేహితులేమో మాస్లో అనే మనస్తత్వవేత్త పేరున్న పిరమిడ్ (మనిషి అవసరాలు మెట్లుమెట్లుగా: అడుగున తిండీ నిద్రా, కొసన తనలో ఉన్నదాన్ని బయటపెట్టుకోవడం) చూపించి "ముందు కూడూ గూడూ, కళ సంగతి ఆ తర్వాత" అంటున్నారు. బొమ్మ వెయ్యని రోజు నీకు నిద్ర పట్టదు. ఏది ముందు అని అడిగావు.

ముందు ఆ పిరమిడ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నన్ను కూడా ఒకప్పుడు దాంతోనే కొట్టారు. మాస్లో 1943లో ఆ వ్యాసం రాశాడు గానీ పిరమిడ్ బొమ్మ ఆయన గియ్యలేదు. అది తర్వాత మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పేవాళ్ళ చలవ. పైగా కింది అవసరం నూటికి నూరుపాళ్ళూ తీరాకే పై అవసరం పుడుతుందని అనుకోవద్దని ఆయనే చెప్పాడు. ఉదాహరణకి కొన్ని అంకెలు కూడా వేశాడు: మామూలు మనిషికి తిండీ నిద్రా లాంటివి 85 శాతం తీరితే, భద్రత 70 శాతం, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, తనలో ఉన్నదాన్ని బయటపెట్టుకోవడం 10 శాతం తీరుతుందని. లెక్క కట్టి తేల్చినవి కావు, అర్థం కావడానికి వేసినవి. పుట్టుకతోనే సృజన ఉన్న కొందరిలో ఆ తపన మిగతా అవసరాలన్నింటినీ తోసుకుని ముందుకొస్తుందని కూడా అదే వ్యాసంలో ఉంది. కాబట్టి నీకు నిద్ర పట్టకపోవడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధమేమీ కాదు. అంతమాత్రాన ఉద్యోగం వద్దని నేను అనడం లేదు. ఆగు.

నేను 1994లో విశాఖ డాబాగార్డెన్స్‌లో బోర్డులు రాసే ఒక గురువుగారి దగ్గర చేరాను. మొదటి ఏడాదంతా డబ్బాలు కడగడం, రేకుకి ప్రైమర్ కొట్టడం, దారానికి సుద్దపొడి రాసి ఇద్దరం చెరోవైపూ పట్టుకుని లైను కొట్టడం. అక్షరం ముట్టుకోనివ్వలేదు. రెండో ఏడు తలకట్లు ఇచ్చారు, తలకట్లు మాత్రమే. "నలభై అక్షరాల బోర్డులో తలకట్లన్నీ ఒకే వాలులో ఉంటే మిగతాది ఎవడు రాసినా చెల్లుద్దిరా" అనేవారు. పగలు బోర్డులు, రాత్రి కంచరపాలెంలో మా ఇంటి అరుగు మీద నా బొమ్మలు. డబ్బు తక్కువే గానీ శనివారం సాయంత్రం కూలి చేతిలో పడేది. ఆ శనివారం ఎంత గొప్పదో అప్పుడు నాకు తెలీదు.

తర్వాత ఫ్లెక్సు వచ్చింది. మేం మూడు రోజులు రాసే బోర్డు మూడు గంటల్లో దిగిపోయేది. గురువుగారు షాపు మూసేశారు. నేను మాత్రం, నిజం చెప్పొద్దూ, లోలోపల సంతోషపడ్డాను. ఇక అచ్చంగా కళాకారుణ్ణే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద ప్రహరీ గోడ మీద బొమ్మలు వేసే పని తగిలింది. అంత డబ్బు ఒక్కసారి నేనెప్పుడూ చూడలేదు. అడ్వాన్సు 20 వేలు, పనయ్యాక 40 వేలు. అడ్వాన్సుతో ఆరు నెలలు హాయిగా బొమ్మలు వేసుకుందామని ప్లాను. పని అయింది. మిగతా 40 రాలేదు. "బిల్లు పైకెళ్ళింది, వచ్చే వారం" అన్నారు. ఆ వచ్చే వారం తొమ్మిది నెలలు సాగింది. ఎవరిదో పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు.

ఆ తొమ్మిది నెలల్లో నాకు పనేమీ లేదు. రోజంతా ఖాళీ, రంగులున్నాయి, పూట గడుస్తోంది. ఎన్ని బొమ్మలు వేశానో చెప్పనా? నాలుగు. అందులో రెండు పారేశాను. పొద్దున్నే లేవడం, ఫోన్ బూత్‌కి వెళ్ళడం, "సారు సీట్లో లేరు" అనిపించుకోవడం, ఇంటికొచ్చి కాన్వాసు ముందు కూర్చుని ఆ సారు ఎప్పుడు సీట్లోకొస్తాడా అని ఆలోచించడం. ఆకలి వల్ల బొమ్మ ఆగలేదు తమ్ముడూ. తేదీ లేని డబ్బు వల్ల ఆగింది. రూపాయి ఎంత అన్నది తర్వాతి మాట, ఏ రోజున వస్తుందో తెలియని మనిషికి చెయ్యి కదలదు. కనీసం నాకు కదల్లేదు.

పూట గడుస్తోంది అన్నాను కదా. ఎలా గడిచిందో చెప్పాలి, నీ ప్రశ్నలో ఎక్కడా కనబడని ముక్క అది.

మా అమ్మ పొద్దున్న ఇంటిముందు ఇడ్లీలు వేసి అమ్మేది. ఆ ఏడాది సంక్రాంతి తర్వాత ఒక గ్రూపు ఎగ్జిబిషన్‌లో నా బొమ్మలు మూడు పెట్టే అవకాశం వచ్చింది. ఫ్రేములు కట్టించుకోవాలి, హాలు అద్దెలో నా వాటా ఇవ్వాలి. డబ్బు అమ్మ ఇచ్చింది, ఎక్కడిదని నేను అడగలేదు. ఎగ్జిబిషన్ అయిపోయిన చాలా రోజులకి ఒక మధ్యాహ్నం అమ్మ గుమ్మంలో కూర్చుని పప్పు ఏరుతోంది. ఎండ పక్కనుంచి పడుతోంది. వెలుతురు బాగుందని పెన్సిలు తీసుకుని గియ్యడం మొదలెట్టాను. నుదురు, ముక్కు, చెంప, చెవి. చెవి దగ్గర చెయ్యి ఆగింది. దిద్దు ఉండాల్సిన చోట చీపురుపుల్ల ముక్క ఉంది, కన్నం పూడిపోకుండా. రెండో చెవికీ అంతే.

"ఏటలాగ సూస్తావు, మెరుగెట్టడానికిచ్చాను" అంది, తలెత్తకుండానే.

రెండు నెలల నుంచీ ఇచ్చే ఉంది. ముఖాలు చూడడమే నా పని అని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. రోజూ రెండుపూటలా ఆవిడ చేత్తో వడ్డిస్తే తిన్నాను, చూళ్ళేదు. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఉంది, చెవి దగ్గర ఆగిపోయి.

అందుకే ఎవరైనా "ఆకలి కళాకారుణ్ణి చేస్తుంది" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి ఆకలి? చిత్రకారుడు వాన్ గోహ్ పేదరికం గురించి అందరూ చెబుతారు. ప్యారిస్‌లో బొమ్మల వ్యాపారంలో ఉద్యోగం చేస్తూ తమ్ముడు థియో ఏళ్ళ తరబడి పంపిన డబ్బు గురించి అంతగా చెప్పరు. రంగులూ, కాన్వాసూ, గది అద్దే, అన్నీ అందులోంచే. ఆ తమ్ముడికీ పెళ్ళాం, పిల్లాడూ ఉన్నారు. కళాకారుడి కనీస అవసరాలు తీరకపోయినా బొమ్మలు వచ్చాయని మనం అనుకునే చాలాచోట్ల అవి తీరుతూనే ఉన్నాయి, తీర్చినవాళ్ళ పేరు బొమ్మ కింద ఉండదు, అంతే తేడా.

ఆ తర్వాత నేను ఒక జిరాక్సు, ప్లాను ప్రింట్లు తీసే షాపులో చేరాను. నెలకి 3,500, ఒకటో తారీఖున. పొద్దున్న తొమ్మిది నుంచి ఆరింటి దాకా. స్నేహితులు జాలిపడ్డారు. ఇంజనీర్లు తెచ్చే ఇళ్ళ ప్లాన్లు పెద్ద కాగితాల మీద తీసేవాళ్ళం, తప్పుపోయినవి కట్టలకొద్దీ మిగిలేవి. వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఓనరు పట్టుకెళ్ళమన్నాడు. ఆ మొదటి ఏడాది ఆ కాగితాల మీద గీసినన్ని స్కెచ్‌లు అంతకుముందు పదేళ్ళలో గియ్యలేదు. వెలుతురుకి పట్టి చూస్తే అమ్మ బొమ్మ వెనక ఎవరిదో డబుల్ బెడ్రూం, ఈశాన్యంలో పూజగది కనబడుతుంది. మూడో నెల జీతంతో దిద్దులు విడిపించాను.

రావిశాస్త్రి గారు ఈ ఊళ్ళోనే ప్లీడరుగా ఉంటూ అంత సాహిత్యం రాశారు కదా, ఉద్యోగమూ కళా కలిసి పోవా అని ఎవరో అన్నారు. పోతాయి. కానీ ఆయనకి కోర్టే కథలిచ్చింది. అన్ని ఉద్యోగాలూ అలా ఇవ్వవు. నాకు జిరాక్సు మెషీను ఏమీ ఇవ్వలేదు, కాగితం ఇచ్చింది. అది చాలు. కొన్ని ఉద్యోగాలు ఇవ్వకపోగా ఉన్నది పట్టుకుపోతాయి.

ఒక్కటి మాత్రం నా లెక్కకి అడ్డం తిరుగుతుంది, అది దాచడం న్యాయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు స్కూల్లో ఉండి ఉంటావు. హోర్డింగులు రోడ్లమీద పడ్డాయి, చెట్లన్నీ నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. పాలకి క్యూ, నీళ్ళకి క్యూ. మాస్లో మెట్లలో అన్నింటికన్నా కిందిదే ఊడిపోయింది. షాపు మూత. ఆ వారంలో నేను పిచ్చిపట్టినట్టు గీశాను. కరెంటు లేక ఫ్లెక్సు మిషన్లు ఆగిపోయాయి కదా, చుట్టుపక్కల షాపులవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి "షాపు తెరిచి ఉంది", "కొవ్వొత్తులు దొరుకును" అని చేత్తో రాయించుకున్నారు. పదేళ్ళ తర్వాత మళ్ళీ నా తలకట్లకి గిరాకీ! చేతికొచ్చిన ప్లైవుడ్ ముక్క మీదల్లా బీచ్ రోడ్డులో వేళ్ళతో సహా లేచిపోయిన చెట్లు వేశాను. మరి అప్పుడు చెయ్యి ఎందుకాడింది? ఊరంతటికీ ఒకటే కష్టం కాబట్టి అనుకుంటాను. మా ఇంట్లో కష్టానికి కారణం నేను కాదు, ఆ వారం నాకోసం ఎవరూ పస్తుండలేదు.

నీ ఉద్యోగం సంగతికొస్తాను. జీతం ఎంతో రాశావు, షిఫ్టు ఏమిటో రాయలేదు. నేనైతే ముందు అదే అడుగుతాను. జనరల్ షిఫ్టయితే, అంటే రోజూ పగటిపూటే అయితే, కళ్ళుమూసుకుని చేరు. వారానికో షిఫ్టు మారేదైతే ఆలోచించు. మా పక్కింటి కుర్రాడు అలాంటిదే చేస్తున్నాడు, ఒక వారం రాత్రి, ఒక వారం పగలు, కంపెనీ బస్సులో రానూపోనూ ఇంకో రెండున్నర గంటలు. వాడు తబలా వాయించేవాడు. ఇప్పుడు ఆదివారం నిద్రపోతాడు. జీతంలో రెండు మూడు వేలు తగ్గినా జనరల్ షిఫ్టులో ఏదైనా ఉందా అని అడుగు, ఊళ్ళోనే ఇంకేదైనా దొరుకుతుందా చూడు. నువ్వు కొనుక్కోవాల్సింది ఆ సాయంత్రాలే. ఆరు నెలలు ఇంట్లో కూర్చుని బొమ్మలేస్తానని నాన్నగారిని అడగాలనుకుంటే అడుగు, తప్పు కాదు. కానీ ఆ ఆరు నెలలూ ఇంట్లో ఏది ఆగుతుందో కూడా ఆయన్ని అడిగి తెలుసుకో, చెల్లి ఫీజా, ఆయన మందులా. ఊరికే తెలుసుకోమంటున్నాను. నేను అడగలేదు.

ఈలోగా రంగులకి డబ్బు కావాలంటే ఒక దారి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట బంద్. ఫిషింగ్ హార్బరులో బోట్లకి రిపేర్లు, రంగులు అన్నీ అప్పుడే. పేర్లు, నంబర్లు చేత్తో రాయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, సెలవురోజుల్లో నేను ఇప్పటికీ వెళుతున్నాను. చెక్క గరుగ్గా ఉంటుంది, పక్కంతా వంపు, గాలికి ఎనామిల్ గీత లాగే లోపే చిక్కబడిపోతుంది. కాలేజీలో నేర్పని పని. మొదటిసారి నేను "పోలమాంబ" అని నీడలూ వంకరలూ పెట్టి రాస్తే ఓనరు చూసి, "బావూ, దూరంనుంచి మా వోళ్ళకి కనబడాల, ఈ సోకులన్నీ ఒగ్గేయ్" అన్నాడు. మొత్తం చెరిపి తెల్లటి దిమ్మల్లాంటి అక్షరాలు రాశాను. డబ్బు మాత్రం సాయంత్రానికే చేతిలో పెట్టాడు.

రెండంగుళాల ఫ్లాట్ బ్రష్ ఒకటి, అరంగుళం ఒకటి నీవే తెచ్చుకో, అక్కడ ఎవరూ ఇవ్వరు. పొద్దున్న ఎనిమిది లోపే వెళ్ళు, తర్వాత ఎండకి చెక్క కాలిపోతుంది.