మూడో పేజీలో కొట్టివేతల్లేవు

ప్రశ్న: అక్కా, నాకు 43 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్ వ్యాపారం) దుకాణంలో గుమస్తాను. డిగ్రీలో కవితలు రాసేవాణ్ని. ఇరవై ఏళ్లుగా తక్‌పట్టీలు, అంటే రైతుల సరుకు అమ్మకం చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఏడాది నుంచి రాత్రిళ్లు నవల రాద్దామని కూర్చుంటున్నా, నాలుగు వాక్యాలు రాసి కొట్టేస్తున్నా. ‘ఇంటికొచ్చినంక కూడ నోటుబుక్కేనా?’ అని నా భార్య అలుగుతోంది. బతుకంతా ఊరోళ్ల లెక్కలకే పోయిందనిపిస్తోంది. నౌకరీ మానేసి ఆరు నెలలు రాతకే కూర్చుంటే దారి దొరుకుతుందా?

జవాబు: తమ్ముడూ, అక్కా అని పిలిచావు గనుక నువ్వనే రాస్తున్నా. నీ ఉత్తరం ఐదు పేజీలు, ఇక్కడ వేసింది కొంతే. మొదటి రెండు పేజీల్లో జీవన పరమార్థం, సృజన దాహం లాంటి మాటలున్నాయి. వాక్యానికో కొట్టివేత ఉంది. మూడో పేజీకొచ్చేసరికి చేతిరాతే మారింది. జెండా పాట ధర, అంటే ఆ రోజు మార్కెట్‌లో పలికిన పై ధర విని మొహం వెలిగిన రైతు, తన కుప్పకు పలికిన ధర తెలిశాక ఏమీ అనకుండా బస్తాలోంచి ఒక మిరపకాయ తీసి వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడని రాశావు. ఆ పేజీలో ఒక్క కొట్టివేత లేదు. మనసును అందుకోలేక చెయ్యి ఉరికినట్టు అక్షరాలు వాలిపోయి ఉన్నాయి. ఏడాదిగా నువ్వు వెతుకుతున్నది అదే. రాస్తున్నప్పుడు నీకు తెలిసి ఉండదు. అంతగా లీనమైన మనిషికి తెలియదు కూడా.

ఈ లీనత మీదే ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి. చిత్రకారుల్ని, చదరంగం ఆడేవాళ్లని, కొండలెక్కేవాళ్లని అడిగి తెలుసుకున్నదంతా 1990లో పుస్తకంగా తెచ్చాడు. పని మన శక్తికి మరీ చిన్నది కాకూడదు, మరీ మించిపోకూడదు, తర్వాతి అడుగు కళ్లకు కనిపించాలి అంటాడు. ఇరవై ఏళ్లు రాయని చేతికి నవల మోయలేని బస్తా. దాన్ని పక్కన పెట్టు. రోజుకు ఒక్క రైతును తలచుకో. తక్‌పట్టీలో అతని పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర ఉంటాయి. అందులో లేనివి రాయి. ఏ బండిలో వచ్చాడు, రాత్రి యార్డులో ఎక్కడ పడుకున్నాడు, పైసలు చేతికందగానే ముందు ఎవరికి ఫోన్ చేశాడు. పది వాక్యాలు చాలు.

మన మాటల్లోనే రాయి. మొదటి రెండు పేజీల్లో నిన్ను ఆపింది పుస్తకభాషేనని నాకనిపిస్తోంది. కవి కాళోజీ తిరిగిన హనుమకొండ మనది. బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని కొట్లాడిన ఆయన పుట్టినరోజే, సెప్టెంబరు 9, మనకు తెలంగాణ భాషా దినోత్సవం. కాంటా వేసే దడ్వాయి మాటను దడ్వాయి అన్నట్టే కాగితం మీద పెట్టు.

నౌకరీ మాత్రం మానకు. బిడ్డ పదో తరగతి అన్నావు. జీతం ఆగిన ఇంట్లో రాయడానికి కూర్చుంటే ప్రతి వాక్యమూ ‘నువ్వెంత తెస్తావు?’ అని అడుగుతుంది. పైగా నీ రాతకు కావలసిన సరుకంతా ఆ యార్డులోనే ఉంది.

ఇక ఇంటి సంగతి. ఇందులో నేను నీ భార్య వైపే. సీజన్‌లో పొద్దున పోయి రాత్రి తొమ్మిదికి, మిర్చి ఘాటుకు దగ్గుకుంటూ వస్తావు. బువ్వ పెట్టి, నాలుగు మాటలు మాట్లాడతావని చూస్తే నోటుబుక్కు తెరుస్తావు. ఆమె అలక నీ రాత మీదనుకోకు. చివరి పట్టీ అయ్యాక దుకాణంలోనే ఇరవై నిమిషాలు రాసుకుని ఇంటికి పో. రాసింది ఆమెకు చదివి వినిపించు. ఎట్లుందని అడగకు, ‘ఇయ్యాల ఇట్ల జరిగింది’ అని మొదలుపెట్టు. సెలవు రోజున బిడ్డను తీసుకుని హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయానికి వెళ్లు. నిజాం కాలంలో, 1904లో, మనవాళ్లు తెలుగు కోసం పెట్టుకున్న గ్రంథాలయం అది.

నాలుగో పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. మీ బాపు, అంటే నాన్న కూడా ఇదే యార్డుకు బస్తాలు తెచ్చేవాడని, ఇప్పుడు నువ్వు కాంటాకు ఇవతల ఉన్నావని. చదివి చాలాసేపు కాగితం కింద పెట్టలేకపోయాను. దాని దగ్గరికి తొందరపడి వెళ్లకు తమ్ముడూ. దాచుకున్న బాధను రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించి చూసిన పరిశోధనలు 1980ల నుంచీ ఉన్నాయి. కొన్నాళ్లకు మేలు కనిపించినవాళ్లున్నారు. రాసిన వెంటనే మనసు బరువెక్కడమూ మామూలే. ఆ బరువు రోజుల తరబడి దిగకపోయినా, నిద్ర పట్టకపోయినా రాయడం ఆపి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

నీ మూడో పేజీని ఈ జవాబుతో పాటు తిరిగి పంపుతున్నా. కొత్త నోటుబుక్కులో మొదటి కాగితంగా అంటించుకో. ఆ రైతు చేతిలో మిరపకాయ తిప్పుతూ నిలబడ్డాక ఏమన్నాడో నాకు రాయలేదు. అక్కణ్నించి మొదలుపెట్టు.