గింజ గలగలమనాలి బిడ్డా

బిడ్డా,

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి మిర్చి వ్యాపారంలోకి దిగుతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. రైతుల దగ్గర కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరిగాక వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తెస్తావట. మన ఇంట్లో కాంటా ముందు నిలబడబోయే మొదటి ఆడపిల్లవు నువ్వే. ఆ సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. టెన్షన్‌తోనూ పట్టలేదు. నువ్వన్న మాట కూడా చెప్పాడు మరి: "కుమారస్వామిలా లోకమంతా తిరిగి అలిసిపోను, వినాయకుడిలా తెలివితో గెలుస్తా."

చవితినాడు ఆ కథ నీకు చదివి వినిపించింది నేనే. తెనాలి రామకృష్ణుడి కథా నేనే చెప్పాను. నగలు బావిలో వేశానని దొంగల చెవిన పడేలా అంటాడు, వాళ్లు రాత్రంతా నీళ్లు తోడతారు, తెల్లారేసరికి తోటంతా తడిసి ఉంటుంది. నువ్వు పడీపడీ నవ్వావు. ఆ నీళ్లు వాటంతట అవి పైకి రాలేదు బిడ్డా, ఎవరివో రెక్కలు నొచ్చాయి. కథలో వాళ్లు దొంగలు. మన బతుకుల్లో చాలాసార్లు మన ఇంటివాళ్లే.

నువ్వు పుట్టకముందు సంగతి. ఆ ఏడు మిర్చి బాగా పండింది. మీ పెద్దమ్మ కల్లంలో పన్నెండు రోజులు కాయ ఆరబోసింది. పొద్దున పరచడం, మధ్యాహ్నం తిరగేయడం, మంచు పడకముందే కుప్పచేసి కప్పడం. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఒక్కొక్కటీ ఏరింది. చేతులు మండి అన్నం కలుపుకోలేకపోతే నేనే ముద్దలు పెట్టేవాణ్ని. కాయ విరగకుండా బస్తా తొక్కేముందు కాస్త తడి చల్లడం ఉన్నదే. నేను మాత్రం తూకం పెరుగుతుందని బిందెలకు బిందెలు కుమ్మరించాను. ఎంత తెలివైనవాణ్నో అనుకుంటూ పడుకున్నాను. తెల్లారి ట్రాక్టర్ రాలేదు. ఆ తర్వాత మార్కెట్‌కు సెలవులు. ఐదో రోజు మార్కెట్‌లో సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు బస్తాలో చెయ్యి పెట్టి తీస్తే కాయ వేడిగా ఉంది, తెల్లటి బూజు. తాలు రేటుకు కూడా బతిమాలి అమ్ముకున్నాను. మీ పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఖాళీ కల్లం ఊడుస్తూ ఏడ్చింది.

లైసెన్సు తీసుకో. లెక్క రోజూ రాసుకో. స్టోరేజీ అద్దె, వడ్డీ తీసేశాకే లాభం అను. తడి విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకు, నా మాట కూడా. తేమ పది, పదకొండు శాతం దాటితే కొనకు. మీటరు పెట్టు, పిడికెడు కాయ చెవి దగ్గర ఆడించు కూడా. గింజ గలగలమనాలి.

తెలివి వద్దని అనడం లేదు తల్లీ. రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుక వాడారు, పునాదిలో ఇసుక పోశారు. 1213 నుంచి నిలబడి ఉంది. అంత తేలికైన ఇటుకనైనా ఎవరో కాల్చి పైకి మోసుకెళ్లారు. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాను, గుర్తుందా?

బేరం మొదలుపెట్టేముందు ఆ ఇంట్లో కాయ ఎవరు ఆరబోశారో అడుగు. ఆమె చేతులు చూశాకే రేటు చెప్పు.

మొదటి కొనుగోలుకు నన్ను వదిలి వెళ్లకు. మోకాళ్ల నొప్పులని మీ నాయన అంటాడు, వినకు. పెద్దమ్మ నీకోసం సకినాలు దాచి ఉంచింది.

మీ పెద్దనాయన